గుర్తు నీళ్లు, ఉద్దానంలో పది రోజులు

2025 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు సామర్లకోటలో రైలెక్కాను. భుజాన బట్టల సంచి, ఒళ్లో త్రాసు. త్రాసును సీటు కింద పెట్టనివ్వలేదు. గ్రాములో నూరో వంతు దాకా చూపించే త్రాసు అది. ఎవరి పెట్టె తగిలినా మళ్లీ సరిచేసుకోవడానికి అరపూట పడుతుంది.

నాకు డెబ్బై రెండేళ్లు. పెద్దాపురంలో ఉంటాను. హోంసైన్సు కాలేజీ ల్యాబులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా చెల్లెలి కూతురు హేమ పిల్లల పోషణ మీద పరిశోధన చేస్తోంది. ఏడాది దాటిన పసిపిల్లకు రోజుకు నిజంగా ఎంత శక్తి ఖర్చవుతుంది, ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఇవి కొలవడం దాని పని. ఈసారి వంతు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎనిమిది మంది పిల్లలది. తూకాలు రాయాల్సిన అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. "పెద్దమ్మా, అంకెను అంకెలా రాసేవాళ్లు నాకు ఇంకెవరూ లేరు, పది రోజులు రా" అని హేమ ఫోను చేసింది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను అల్మరాలోంచి చీరలు తీస్తున్నాను.

హేమ విశాఖపట్నంలో ఐసుపెట్టెతో ఎక్కింది.

పలాస

స్టేషను బయటికి రాగానే జీడిపిక్కల వాసన. పిక్కలు ఉడికించే ఆవిరి, పెంకులు కాల్చిన పొగ కలిసి గొంతులో కారంగా తగులుతుంది. రెండో రోజుకు అలవాటైంది. లాడ్జి కింద హోటల్లో ఉప్మా తిన్నాం. మా వైపు ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవాలి, ఇక్కడ రవ్వ వెతుక్కోవాలి. ప్లేటు నలభై రూపాయలు.

ఆటో అతను ఐసుపెట్టెను చూసి అడిగాడు.

"ఏటి మామ్మా, ఐస్‌క్రీమా?"

"పసిపిల్లల మూత్రం పెట్టడానికి నాయనా."

అతను ఒక క్షణం ఆలోచించాడు. "ఓలమ్మో. దానికీ ఐసేనా?" అని, పెట్టెను తన సీటు పక్క నుంచి తీసి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

ఆ మూత్రం ఎందుకో ఇక్కడే చెప్పేస్తాను. హేమ దగ్గర ఒకరకం నీళ్లు ఉంటాయి. రంగు లేదు, రుచి లేదు, హాని లేదు. మామూలు నీటికన్నా రవ్వంత బరువు. ఒంటికి ఆ తేడా తెలియదు, ల్యాబులో మిషనుకు తెలుస్తుంది. నేను వాటికి గుర్తు నీళ్లని పేరు పెట్టాను. బిడ్డ చేత ఆ నీళ్లు తూచి తాగిస్తాం. అవి ఒంట్లో ఉన్న నీటిలో కలిసిపోతాయి. ఎంత పలచబడ్డాయో చూస్తే ఒంట్లో నీరెంతో తెలుస్తుంది. దాన్నిబట్టి కండ, కొవ్వు లెక్క వస్తుంది. ఏడు రోజుల్లో ఆ గుర్తు మూత్రంలోంచి ఎంత త్వరగా పోయిందో చూస్తే బిడ్డ రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో తెలుస్తుంది. బిడ్డను గదిలో పెట్టక్కర్లేదు, మాస్కు తొడగక్కర్లేదు. ఆడుకోనిస్తే చాలు. కానీ తాగించిన నీరు ఎంతో గ్రాములో నూరో వంతుకు తెలిసి ఉండాలి. అక్కడ తప్పితే తర్వాత ఎంత గొప్ప మిషనైనా అబద్ధమే చెబుతుంది.

దాలమ్మ ఇల్లు

బుధవారం పొద్దున్న పలాస నుంచి సముద్రం వైపు ఆటోలో నలభై నిమిషాలు వెళ్లాం. ఊరి పేరు రాయను, అలా అని మాటిచ్చాను. కొబ్బరితోటల మధ్య రోడ్డు. పన్నెండు గంటల ఎండలో కూడా ఆటోలో చల్లగానే ఉంటుంది. జీడిచెట్లు పూతమీద ఉన్నాయి.

ఆ ఇంట్లో ముగ్గురు. సిరి, పదిహేను నెలల పిల్ల. దాని తల్లి నీలవేణి, ఇరవై నాలుగేళ్లది, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. నాయనమ్మ దాలమ్మ, యాభై ఆరేళ్లది. సిరి తండ్రి చెన్నైలో కాంక్రీటు పనికి వెళ్లాడు, మూడు నెలలకోసారి వస్తాడు. దాలమ్మ భర్త కిడ్నీల జబ్బుతో నాలుగేళ్ల కిందట పోయాడు. ఇంటింటా ఆ జబ్బున్న ఊళ్లో ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు. "మాయన పోనాడు" అంటే ఎలాగని ఎవరూ అడగరు.

ఫోటోలు తీస్తామని ఎవరు చెప్పారో, దాలమ్మ మడత విప్పిన కొత్త చీర కట్టుకుంది. సిరికి నుదుట, చెంపన, అరికాలిలో మూడు చుక్కలు పెట్టింది. మా వైపు రెండే పెడతారు. "తూకమెయ్యడమంటేనే దిష్టి గదా అమ్మా, అందుకు పాదానికోటి" అంది. మొలతాడు, కాలి గొలుసులు తీయనంది. సరే అని వాటి జోడు లాంటివి పక్కింటి పిల్లవి తెప్పించి తూచాను, నలభై ఆరు గ్రాములు. అది తీసేస్తే సిరి బరువు ఏడు కిలోల ఆరు వందల తొంభై గ్రాములు. అంగన్‌వాడీ అట్టమీద అది ఎర్ర గీతను దాదాపు తాకుతోంది.

ఆ ఇంట్లో గొడవ కూడా అదే. మేం కూర్చోగానే దాలమ్మ బయటపెట్టేసింది.

"అమ్మా, మీరు సదువుకున్నోళ్లు. సెప్పండి. తల్లి పొద్దున్నే ఏడింటికి ఎల్లిపోయి సందేళ ఆరింటికి వత్తాది. పిల్ల ఎండిపోతాది గదా? నాను మాన్పించీమంటాను, ఇది ఇనదు."

నీలవేణి సిరికి గౌను తొడుగుతూ తలెత్తలేదు. "నాను ఎల్లకపోతే నీ మందులెవరు తెత్తారత్తా?"

"సూడమ్మా, నోరు!"

"నోరు కాదత్తా. మూడేళ్లు పిక్క ఒలిసినాను. ఇప్పుడే గ్రేడింగు బల్ల కాడ కూకోబెట్టినారు. వారం మానేత్తే ఆ సోటు ఇంకోలికి ఇచ్చేత్తారు." నా వైపు తిరిగి నీలవేణి వివరించింది. ఒలిచే చోట చేతులు జీడినూనెకు నల్లబడి తోలు ఊడిపోతుందట. గ్రేడింగు బల్ల దగ్గర గుండ్లు, బద్దలు, ముక్కలు వేరుచేయడమే. చేతులు బాగుంటాయి, కుర్చీ ఉంటుంది.

దాలమ్మ తీర్పు చెప్పింది. "మీ మిషను సెప్పనీ. పిల్లకి తిండి సాలట్లేదని వత్తే ఇది పని మానేత్తాది. సాలతందని వత్తే నాను నోరు మూసుకుంతాను. ఒప్పుకుంటావేటే?"

"ఒప్పుకుంటాను" అంది నీలవేణి. ఆ పిల్ల గొంతులో భయం లేదు. పంతం ఉంది.

అప్పుడు హేమ సీసా తీసింది. దాలమ్మ మొహం మారిపోయింది.

"ఏ బోరు నీళ్లవి?"

బోరు కాదు, ల్యాబు నీళ్లని హేమ చెప్పింది.

"నీళ్లతోనే గదా మావోళ్లందరూ పోనారు. నాను ట్యాంకరు నీళ్లు కూడా కాసి సల్లార్సి పోత్తాను దీనికి. మీరు ఎక్కడివో తెచ్చి పోత్తానంటే ఎలాగ?"

ఆ భయం వెక్కిరించదగింది కాదు. నేను త్రాసు పక్కన పెట్టి, ఆవిడ పక్కన చాపమీద కూర్చుని, ఆ నీళ్లేమిటో పావుగంట చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది, "నీ మనవలకి పోసినావా?"

"నాకు మనవలు లేరు. ఇదిగో, ఈ పిల్ల తమ్ముడికి ఏడాది వయసప్పుడు పోశారు" అని హేమను చూపించాను. అది నిజమే. దాలమ్మ హేమను కిందనుంచి మీదకి చూసి, "తమ్ముడేం సేత్తన్నాడు?" అంది. బ్యాంకులో ఉద్యోగమంటే తలాడించింది.

పద్దెనిమిది గ్రాముల నలభై పాయింట్లు తూచాం. హేమ సిరింజితో సిరి బుగ్గలోకి కొద్దికొద్దిగా వదులుతోంది. పిల్ల ఒడుపుగా మింగుతోంది. బిడ్డ ఉమ్మితే తుడవడానికి ముందే తూచిపెట్టిన గుడ్డ నా చేతిలో ఉంది. ఉమ్మిన తర్వాత ఆ గుడ్డను మళ్లీ తూస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. ఈ గుడ్డ సంగతి మూడుసార్లు చెప్పాను. చివరి గుక్క దగ్గర సిరి తుపుక్కున ఉమ్మింది. నా చెయ్యి కదిలేలోపే దాలమ్మ కొంగుతో మూతి, గడ్డం, మెడ శుభ్రంగా తుడిచేసింది. నేను ఆవిడను తప్పుపట్టను. ఏ నాయనమ్మ చెయ్యయినా అదే చేస్తుంది.

"కదలకండి! ఆ కొంగు!" అని అరిచాను.

ఎంత పోయిందో తెలియకపోతే సిరి లెక్క అంతా వృథా. మళ్లీ పోయాలంటే ఒంట్లోంచి ఇది పూర్తిగా పోవాలి. అంటే మరో రాకడ. హేమ దగ్గర అదనపు సీసా కూడా లేదు.

"ఆ చీర కట్టింది ఈపూటేనా?" అని అడిగాను.

"మీరొత్తన్నారనే మడత ఇప్పినాను."

"కొంగు తడిసిందా? చేతులు గానీ తుడుచుకున్నారా?"

"కొత్త సీరకి సేతులు తుడుత్తానేటమ్మా?"

"అయితే ఆ తడిసిన మేరకు కత్తిరించాలి."

నీలవేణి నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది గానీ ఆగలేదు.

"నవ్వుతావేటే? సీర కొయ్యమంతంది ఈ మాయమ్మ!" దాలమ్మ కొంగు రెండు చేతులా పట్టుకుంది. తర్వాత సిరిని చూసింది. పిల్ల అప్పటికే సిరింజి మూత నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. "మళ్లీ పొయ్యాల్సొత్తే దీన్ని మళ్లీ ఏడిపిత్తారు గదా? కొయ్యి. సీర పోతే సీరొత్తాది. తిన్నగా కొయ్యి, వంకర రానియ్యకు."

జానెడు మేర తిన్నగా కోశాను. వెంటనే సంచిలో వేసి మూతి బిగించి తూచాను. ఆ రాత్రంతా లాడ్జి గదిలో ఆరబెట్టి, పొద్దున్న మళ్లీ తూచాను. తేడా ఒక గ్రాము పన్నెండు పాయింట్లు. కాబట్టి సిరి కడుపులోకి వెళ్లింది పదిహేడు గ్రాముల ఇరవై ఎనిమిది పాయింట్లు. లెక్క బతికింది.

గురువారం మొదటి నమూనాకు వెళ్లాం. మా దగ్గర అతికించే సంచులున్నాయి. అవి అంటిస్తే పిల్లల తొడలు ఎర్రబడతాయి, సగం కారిపోతాయి కూడా. దాలమ్మ ఆ సంచిని రెండు వేళ్లతో ఎత్తి చూసి పక్కన పడేసింది. గడపలో కాళ్లు చాపుకుని కూర్చుంది. సిరిని కాళ్లమీద నిలబెట్టి, పాదాల మీద రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లు చిలకరించి, చెవి దగ్గర నోరు పెట్టి "శ్శ్… శ్శ్…" అంది. నేను లోపల ఇరవై దాకా లెక్కపెట్టేలోపు సీసా నిండింది. ఒక్క చుక్క కింద పడలేదు. మా అమ్మ కూడా ఇలాగే చేసేది. ఆ సంగతి నాకు హోంసైన్సు కాలేజీలో ముప్పై మూడేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు. మిగతా ఏడుగురు పిల్లలకూ ఇదే పద్ధతి పెట్టాం.

"నన్ను అమ్మా అని పిలవకు, నీకన్నా పదహారేళ్లే పెద్దదాన్ని" అన్నాను. ఆ రోజునుంచి దాలమ్మ నన్ను అప్పా అంది. ఇటువైపు అక్కను అప్ప అంటారు.

టెక్కలి

శుక్రవారం టెక్కలిలో పురోహితుల ఇంటికి వెళ్లాం. తల్లి ఆఫీసులో గుమస్తా. కొడుకుకు ఏడాది నిండి వారమైంది, పదకొండు కిలోలు. బుగ్గలు చూస్తే ఎవరికైనా గిల్లాలనిపిస్తుంది.

"వీడు చాలా లైట్‌గా తింటాడండీ. అసలు వెయిట్ పెరగట్లేదు. మీరే ఏదైనా సజెస్ట్ చెయ్యాలి" అంది తల్లి. అదే సమయంలో ఆ పిల్లవాడి తాతగారు వెనకనుంచి నేతి అన్నం ముద్ద మూడోసారి అందించారు. ఏడు రోజుల పాటు రోజూ తినేదే తినిపించాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అని హేమ చెప్పింది. "రోజూ ఇదేనమ్మా, ఇవాళ మీరున్నారని కాస్త తగ్గించాను" అన్నారాయన. భోజనం వాళ్లింట్లోనే. పనసపొట్టు కూరలో ఆవ మా ఇంటికన్నా ఎక్కువ. నాకు నచ్చింది.

వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర ఆటో కుదిపిన కుదుపుకు ఐసుపెట్టె తిరగబడింది. ఆ పిల్లవాడి సీసా మూత వదులై సగం పోయింది. మూత బిగించింది నేనే.

భావనపాడు

శనివారం భావనపాడు. ఎండు చేపలు పరిచిన ఇసుక మీద నడవడానికి దారి అడుగుతూ వెళ్లాలి. ఒకచోట తడి ఇసుకలో నా కుడికాలి చెప్పు కూరుకుని తెగింది. ఒక ముసలామె తన చెప్పులు విప్పి ఇవ్వబోయింది. వద్దన్నాను. వట్టి కాళ్లతో వెళ్లాను.

ఆ ఇంట్లో పదమూడు నెలల ఆడపిల్ల ఎండు చేప ముక్క చేత్తో పట్టుకుని చప్పరిస్తోంది. ముల్లు గుచ్చుకోదా అని అడిగాను.

"ముల్లు తీసే ఇత్తాం గదమ్మా. సేప తినకపోతే మాటెలగొత్తాది?" అంది వాళ్ల అమ్మమ్మ.

ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. పొట్టిపిల్ల, కానీ తొడ పట్టుకుంటే గట్టిగా ఉంది. చూడ్డానికి టెక్కలి పిల్లవాడే బలమైనవాడు. ఎవరి ఒంట్లో కండ ఎక్కువో కంటితో చెప్పలేం, అందుకే ఈ తంటా అంతా అని హేమ అంది.

కవిటి

ఆదివారం కవిటి. ఇంత దట్టమైన కొబ్బరితోటలు మా కోనసీమ తర్వాత ఇక్కడే చూశాను. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి వీధిలో ఎవరో ఒకరి చేతిమీద, డయాలిసిస్ సూది గుచ్చే చోట, నరం తాడులా ఉబ్బి ఉంటుంది. టీకొట్టు దగ్గర ఒకాయన అలాంటి చేత్తోనే నాకు గ్లాసు అందించాడు. అతను టీ తాగడు, అమ్ముతాడు. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగవచ్చో అతనికి లెక్క ఉంది. "మీరు ఏదో లెక్క రాత్తన్నారట గదా. నాదీ లెక్కే" అన్నాడు.

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన కోడలు ఒకామె బిడ్డతో ఒడియాలో, అత్తతో తెలుగులో మాట్లాడింది. బిడ్డకు రెండూ అర్థమవుతున్నాయి. నాకు ఒకటే.

మళ్లీ దాలమ్మ ఇల్లు

సోమ, మంగళవారాలు సిరి తినే ప్రతి ముద్దా తూచడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. పొద్దున్న ఆరున్నరకు చేరేదాన్ని. నీలవేణి పాలిచ్చే ముందు, ఇచ్చిన తర్వాత పిల్లను తూచేదాన్ని. చోడి అంబలిలో, అంటే రాగి అంబలిలో, పాలు కలిపి తాగించి నీలవేణి వెళ్లిపోయేది. అక్కణ్నుంచి సాయంత్రం ఆరుదాకా వంట, తిండి దాలమ్మవి.

తొమ్మిదిన్నరకు గంజి, నీళ్లలా పలచన, నూటపది గ్రాములు. పన్నెండున్నరకు అన్నం. ఆ బియ్యం మూడుసార్లు కడిగింది, వండి వార్చింది. సొరకాయ ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించింది. ఉప్పు లేదు. పప్పు లేదు. నూనె చుక్క లేదు. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఆరు కోళ్లు ఉన్నాయి. సిరి నోట్లోకి కొబ్బరి వెళ్లలేదు, గుడ్డు వెళ్లలేదు. అరవై రెండు గ్రాములు తిని మొహం తిప్పుకుంది.

"గుడ్డు పెట్టరా?" అన్నాను, మామూలుగా అడిగినట్టు.

దాలమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వంటగది గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ గోడకు ప్లాస్టిక్ తొడిగిన కాగితం ఉంది. గుడ్డు బొమ్మ మీద అడ్డగీత. పప్పు, అరటిపండు, కొబ్బరి బొండాం, ఎండు చేప, ఉప్పు డబ్బా, అన్నిటిమీదా ఎర్ర అడ్డగీతలు. అది ఆసుపత్రిలో కిడ్నీ రోగుల కోసం ఇచ్చిన కాగితం. నాలుగేళ్ల కిందట పోయిన ఆవిడ భర్త కోసం ఇచ్చింది.

"నాకు సదువు రాదు గానీ బొమ్మలు తెలుత్తాయి గదా అప్పా. మాయనకి ఆలస్యంగా ఇచ్చినారు. అప్పటికే పాడైపోనాయి. ముందే తెలిసుంటే? అందుకని దీనికి పుట్టి అన్నం ముట్టిన కాణ్నుంచీ ఇలాగే వండతన్నాను. ఒక్క గీత దాటలేదు. నా మనవరాలి కిడ్నీలు నాను కాపాడతన్నాను."

ఆవిడ మొహంలో ఉన్నంత నమ్మకం నేను ఏ ల్యాబులోనూ చూడలేదు.

ఆ సాయంత్రం ఈ కాగితం సంగతి నీలవేణిని గుమ్మంలో అడిగాను. "నాకు తెల్దండి మంచో సెడ్డో. సందేళొచ్చాక నా కంచంలోంచి రెండు ముద్దలు పప్పన్నం పెడతాను. అత్త సూడనట్టు ఊరుకుంతాది" అంది.

ఆ ముద్దలూ తూచుకుని, లాడ్జికి వచ్చి లెక్క కూడాను. తల్లి చేతినుంచి మూడు వందల డెబ్బై కేలరీలు. నాయనమ్మ చేతినుంచి, పదకొండు గంటల్లో, నూట ఇరవై ఎనిమిది. రాత్రి పాలు నేను తూచలేదు, అవి అదనం. మంగళవారం మళ్లీ తూచాను. తేడా ఆరు కేలరీలు. కొరత ఎక్కడుందో చిన్న పిల్లకైనా కనిపించేలా ఉంది. తల్లి పనికి వెళ్లడంలో లేదు. గోడమీద కాగితంలో ఉంది.

హేమకు చెప్పాను. "రేపటిదాకా ఏమీ మార్చకూడదు పెద్దమ్మా. తిండి మారితే ఏడు రోజుల కొలత పోతుంది. ఒక్కరోజే. చివరి సీసా తీశాక చెబుదాం" అంది. అది సరైన మాటే. కానీ బుధవారం హేమ కవిటికి వెళ్లాలి. దాలమ్మ ఇంటికి నేనొక్కదాన్నే.

చివరి సీసా

బుధవారం పంతొమ్మిది, పొద్దున్న ఏడూ పది. దాలమ్మ "శ్శ్" అంది, సీసా నిండింది, మూత నేనే బిగించి రెండుసార్లు తిప్పి చూశాను. నీలవేణి ఆ పూట ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్తానని ఉండిపోయింది. నన్ను రోడ్డుదాకా దిగబెట్టింది. ఆటో కోసం నిలబడ్డాం.

"మామ్మగారూ, రెండ్రోజులు అంతా తూసినారు గదా. ఏటి తేలింది? నా పిల్లకి తిండి సాలతందా?"

అప్పటికి కొలత అయిపోయింది. చెప్పకూడదనే నియమం ఏదీ మిగల్లేదు. అయినా నేను లెక్కవేసుకున్నాను. తినేది తెలుసు, ఖర్చయ్యేది ఇంకా తెలియదు. సగం లెక్క. రెండు రోజుల తూకం రుజువు కాదు. ఒకసారి కిడ్నీలతో మనిషి పోయిన ఇల్లు, రేపు నా మాట విని గుడ్డు పెట్టాక పిల్లకు జ్వరమొచ్చినా నా మాటే తగిలిందంటారు. పైగా దాలమ్మ మొహం. ముప్పై మూడేళ్లలో పూర్తికాని లెక్క నేను ఎవరికీ చేతికివ్వలేదు.

"ఆరు వారాల్లో ల్యాబునుంచి వస్తుందమ్మా. అప్పుడు పూర్తిగా చెబుతాం" అన్నాను.

"ఆరు వారాలేనా? ఆగుతాను" అంది. ఆటో వచ్చింది.

మిగతా పిల్లల చివరి సీసాలకు హేమ ఉండిపోయింది, సిరి ఇంట్లో పూర్తి లెక్క వచ్చాకే చెబుదామని దానికీ చెప్పాను. మర్నాడు గురువారం మధ్యాహ్నం మూడింటికి పెద్దాపురంలో ఉన్నాను. నాలుగు వందల గ్రాముల జీడిపప్పు ముక్కలు, తీగకు గుచ్చిన ఎండు చేపలు ఒక వరస, కవిటి కొబ్బరికాయలు రెండు తెచ్చుకున్నాను. చేపల వాసనకు పక్కింటివాళ్లు రెండు రోజులు తలుపు వేసుకున్నారు.

ఇంటికి వచ్చాక

ఆరు వారాలన్నది పదకొండు వారాలైంది. మిషను దగ్గర వరస ఉంటుంది, ఉద్దానం పిల్లలకోసం ఎవరూ ముందు జరగరు. మే ఐదు, సోమవారం, హేమ అంకెలు పంపింది. సిరి రోజుకు ఖర్చు చేసేది ఐదు వందల తొంభై ఆరు కేలరీలు. నేను తూచినది నాలుగు వందల తొంభై ఎనిమిది. మిగతా ఖర్చు తల్లి రాత్రి ఇచ్చే పాలతో పూడుతోంది. పెరగడానికి ఏమీ మిగలడం లేదు. కండ ఫర్వాలేదు, కొవ్వు బాగా తక్కువ. హేమ ఆ అంకెలూ సిరి మూత్రం పరీక్ష కాగితమూ ఒక పిల్లల డాక్టరుకు చూపించింది. కిడ్నీలకు ఏ లోపమూ లేదు, పప్పు, గుడ్డు, కొబ్బరి, చేప అన్నీ పెట్టవచ్చు, పెట్టాలి అని ఆయన కాగితం రాసిచ్చాడు.

నేనే ఫోను చేస్తానన్నాను. పనివేళ, నీలవేణి ఎత్తదనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఇంట్లోనే ఉన్నానండి. మార్చి మూడో తారీకు నుంచి. అంగన్‌వాడీలో తూసినారు, అదే బరువు. ఇంకేటి సూత్తావు అని అత్త మాన్పించీసింది. మీ కాయితం రావాలి గదా అన్నాను. రాలేదు గదా అంది." గొంతులో ఆ పంతం లేదు. "ఇంటికాడున్నాను గానీ వంట అత్తదే. మొన్న తూసినా ఏడూ ఏడొందలే. తల్లి ఇంటికాడున్నా పెరగట్లేదని ఇప్పుడు ఊరంతా నన్నే అంతన్నారు."

దాలమ్మకు ఇవ్వమన్నాను. ఒక్క అంకె వదలకుండా చెప్పాను. పొద్దుటిది ఎంత, పగటిది ఎంత, సాయంత్రానిది ఎంత. అవతల కోళ్ల చప్పుడు.

"ఆ కాయితం తీసీమంటావా?"

"అది తప్పు కాగితం కాదు దాలమ్మా. మీ ఆయనకు అది సరైనదే. సిరికి కాదు."

"ఒక్క గీత దాటలేదు నాను."

"తెలుసు. నేను తూచాను కదా."

"తూసినావు." మళ్లీ కోళ్లు. "నా ముందల కూకొని రెండ్రోజులు ముద్ద ముద్దా తూసినావు. సీర కొయ్యమంటే కోయించినాను. ఏది పడితే అది అడిగితే సెప్పినాను. అప్పుడే తెలిసింది గదా నీకు? ఆ రోజే సెప్పుంటే ఏటి పోయేది అప్పా?"

దాలమ్మ ఫోను నీలవేణికి ఇచ్చేసింది. గ్రేడింగు బల్ల దగ్గర వేరే అమ్మాయి కూర్చుందట. నీలవేణి మర్నాటినుంచి మళ్లీ పిక్క ఒలిచే చోటికి వెళ్లింది. దాలమ్మ ఆ రోజే గుడ్డు ఉడకబెట్టింది. జూన్ పదహారున అంగన్‌వాడీలో సిరి ఎనిమిది కిలోల నూట యాభై తూగిందని నీలవేణి ఫోటో పంపింది. ఆ తర్వాతే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఈ ప్రయాణంలో పోయినవి:

టెక్కలి పిల్లవాడి నమూనా, సగం సీసా.

కుడికాలి చెప్పు, ఒకటి.

దాలమ్మ కొత్త చీర కొంగు, జానెడు.

సిరి ఉమ్మిన గుర్తు నీళ్లు, ఒక గ్రాము పన్నెండు పాయింట్లు.

నీలవేణి పనిరోజులు, మార్చి మూడు నుంచి మే ఐదు దాకా, ఆదివారాలు తీసేస్తే, యాభై ఐదు.

గ్రేడింగు బల్ల దగ్గర కుర్చీ, ఒకటి.

నేను రోడ్డుమీద నిలబడి చెప్పకుండా వచ్చిన రోజునుంచి చెప్పిన రోజుదాకా, సిరి పెరగని రోజులు, డెబ్బై ఐదు.